అప్‌డేట్: వాచీలో స్ట్రెస్ ఎప్పుడూ 80 పైనే - కారణం దొరికింది

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తానని, ఖాళీగా కూర్చున్నా వాచీ స్ట్రెస్ 80 పైన చూపిస్తోందని మూడు నెలల కింద అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు రక్త పరీక్ష చేయించు అక్కా" అన్న తమ్ముడి మాటే నిజమైంది.

నల్గొండలో డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూడగానే "పాలిపోయింది" అన్నారు. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. రక్తం తక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుందట, వాచీ గుండె లయను బట్టే స్ట్రెస్ లెక్కగడుతుంది. ఐరన్ మాత్రలు టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకుంటున్నాను. ఇప్పుడు 11.4. కూర్చున్నప్పటి పల్స్ 96 నుంచి 78కి దిగింది, స్ట్రెస్ 40 దగ్గర ఉంటోంది.

బెల్టు బిగించినా, వాచీ రీసెట్ చేసినా ఏమీ మారలేదు. ధాన్యం లారీలు వరస కట్టిన రోజు మాత్రం ఇంకా పెరుగుతుంది. అది నిజం టెన్షనే.