టైమ్‌స్టాంప్‌ని తేదీగా మారిస్తే ఫిబ్రవరి 29 మాయమైతుంది, జర చెప్పండి

అన్నలూ, మాది పరకాల దగ్గర, బాయికాడ మోటర్ ఎప్పుడు ఆన్ అయింది ఎప్పుడు ఆఫ్ అయింది రాసిపెట్టే చిన్న బోర్డు చేస్తున్న, 8 బిట్ చిప్, మెమరీ తక్కువ అందుకే టైమ్ లైబ్రరీ పెట్టలే. 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన సెకన్లొస్తయి, మన టైమ్ కోసం 19800 కలిపి, అందులోంచి 951868800 తీసేస్తున్న, అంటే లెక్క 2000 మార్చి 1 నుంచి మొదలు. మార్చి నుంచి ఎందుకంటే లీపు రోజు సంవత్సరం చివర్ల పడ్తది, నెలల లెక్క సాఫీగ ఉంటది. 86400తో భాగిస్తే రోజులు, 2099 దాకా 16 బిట్లల్ల పడ్తయి, 2100 లీపు కాదు కాబట్టి అంతవరకే చాలు నాకు.

సమస్య ఏందంటే, రోజుల్ని 1461తో (నాలుగేండ్లకు పడే రోజులు) భాగించి మిగిలినదాన్ని 365తో భాగిస్తే 2024 ఫిబ్రవరి 29 కూడా మార్చి 1 అనే వస్తుంది, మర్నాడు మళ్ల మార్చి 1. మిగిలింది 1460 ఉన్నప్పుడు భాగఫలం 4 అయితుంది, 3 కావాలె. ఇఫ్ (షరతు) పెడితే సరిపోతది గని, ముందుగాల ఆ మిగిలినదాన్ని 1460తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని దాంట్లోంచే తీసేసి, అప్పుడు 365తో భాగించుడు మంచిదా? ఈ చిప్‌ల భాగహారం హార్డ్‌వేర్‌ల లేదు, అందుకే అడుగుతున్న. ఇసొంటి బోర్డుల మీద చేసినోళ్లు ఏది వాడిన్రో చెప్పండి ప్లీజ్.