అడాస్ ఉన్న టాప్ వేరియంట్‌కి లక్షన్నర ఎక్కువ పెట్టొచ్చా? మన రోడ్ల మీద నిజంగా పనికొస్తదా?

కోదాడ_పోరడు:
అందరికీ నమస్తే. కొత్త కారు తీస్కుందామని షోరూంల చుట్టూ తిరుగుతున్న. ఇప్పుడున్న బండి పాతదైపోయింది, ఎయిర్‌బ్యాగులు రెండే. ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ దాదాపు ఫిక్స్ అయిన, పేరు చెప్తే ఇక్కడ కంపెనీల కొట్లాట మొదలైతది కాబట్టి చెప్పట్లే. కింది వేరియంట్‌కీ అడాస్ (కెమెరా, రాడార్‌తో రోడ్డు చూసి డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్) ఉన్న టాప్ వేరియంట్‌కీ ఆన్‌రోడ్ లక్షన్నర దాకా తేడా వస్తుంది. సేల్స్ పిల్లగాడేమో "సార్ బండి దానంతటదే బ్రేక్ కొడతది, దానంతటదే లైన్ల పోతది, మీరు ఊకె కూసోవచ్చు" అంటుండు. మా బావేమో అవన్నీ ఫారిన్ రోడ్లకి, మన బర్రెకి లేన్ ఏం తెలుసు అని నవ్వుతుండు.

రోజూ కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి, కుదిరిన శని ఆదివారాలు 65 నంబర్ హైవే మీద ఊరికి. కోదాడ దాటినంక ఊర్లోకి సింగిల్ రోడ్డు, కోతలప్పుడైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతరు. ఎక్కువ రాత్రిపూటే పోతా, వెనక సీట్ల అమ్మ, చిన్న పాప ఉంటరు. వాడుతున్నోళ్లు చెప్పండి, యూట్యూబ్ రివ్యూలు నేను కూడా చూసిన.

బెజవాడ_బైపాస్:
నాది లెవెల్ 2 అడాస్ బండేనండి, విజయవాడ హైదరాబాద్ మధ్య బాగానే తిప్పుతున్నా కాబట్టి చెప్తున్నా. ముందు ఆ సేల్స్ అబ్బాయి మాట మర్చిపోండి. లెవెల్ 2 అంటే బండి మీకు సాయం చేస్తుంది అంతే, చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉండాల్సిందే, ఏదైనా జరిగితే బాధ్యత మొత్తం మీదే. చేతులు తీస్తే కాసేపటికి బీప్ కొడుతుంది, దాన్ని మోసం చేయడానికి స్టీరింగ్‌కి వాటర్ బాటిల్ కట్టి, సీట్లోంచి లేచి రీల్స్ చేసే మహానుభావులున్నారు, వాళ్లని చూసి కొనకండి.

ఓఆర్ఆర్ (హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద అడాప్టివ్ క్రూజ్ మాత్రం సూపర్. గీతలు నీటుగా ఉంటాయి, బైకులు ఉండవు, 100లో పెట్టుకుంటే ముందు బండిని బట్టి తగ్గి పెరిగి పోతుంది, కాళ్లకి హాయి. 65 మీదకి వచ్చాక కథ వేరు. ముందు బండికి గ్యాప్ ఎంత తక్కువ పెట్టినా ఆ గ్యాప్‌లోకి ఎవడో ఒకడు దూరతాడు, మన బండి టక్కున బ్రేక్ వేస్తుంది, వెనకొచ్చే లారీకి అడాస్ లేదు కదా, వాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. అందుకని ట్రాఫిక్ ఎక్కువుంటే క్రూజ్ కట్టేస్తా. బండిని గీతల మధ్యలోనే ఉంచే లేన్ కీప్ కూడా సిటీలో ఆఫే. గీత చెరిగిపోయిన చోట దానికి ఏమీ కనపడదు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోని తప్పించడానికి మనం పక్కకి తిప్పితే అదేమో ఇండికేటర్ వెయ్యలేదని స్టీరింగ్ వెనక్కి లాగుతుంది. గట్టిగా తిప్పితే మన మాటే వింటుంది లెండి, కానీ మొదటిసారి గుండె జారిపోతుంది. ఒక లాభం ఏంటంటే దీని దెబ్బకి మా ఇంట్లో అందరికీ ఇండికేటర్ అలవాటైంది.

నేను ఎప్పుడూ ఆపనివి మూడు: ముందు బండిని గుద్దుకుంటామని ఇచ్చే వార్నింగ్, బ్లైండ్ స్పాట్ (అద్దంలో కనపడని చోట బండి ఉంటే సైడ్ అద్దంలో లైట్ వెలిగేది), రివర్స్ తీసేటప్పుడు పక్క నుంచి వచ్చేవాటికి ఇచ్చే అలర్ట్. అద్దంలో ఆ చిన్న లైట్ లేకపోతే ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే బైకుల్ని ఎన్నిసార్లు గుద్దేవాడినో. మీ ఊరి సింగిల్ రోడ్డు మీద మాత్రం ఇవేమీ లెక్కలోకి రావు, వడ్ల రాశి రాడార్‌కి అర్థం కాదు, మీ కళ్లే గతి.

పాత_స్పానర్:
పై తమ్ముడు చెప్పింది కరెక్టే, కానీ రాత్రి ప్రయాణం అన్నావు కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. ఏ రోజైనా పేపర్లో జిల్లా పేజీ తియ్యి, "ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొన్న కారు" అనే వార్త లేకుండా ఉంటదా? మన హైవేల మీద రాత్రి కార్లో పోయేవాణ్ని చంపేది అదే. టైరు పేలిందనో టీ తాగుదామనో సగం రోడ్డు మీదే లారీ ఆపుతారు, టెయిల్ లైట్ ఉండదు, రిఫ్లెక్టర్ మీద మట్టి.

సరిగ్గా అక్కడే ఈ ఆటో బ్రేక్ బలహీనం. రాడార్‌కి ఆగి ఉన్న ప్రతిదాన్నుంచీ సిగ్నల్ తిరిగొస్తది, బోర్డులు, రెయిలింగ్, బ్రిడ్జి కింద ఇనుము, అన్నీ. వాటన్నిటికీ బ్రేక్ వేస్తే బండి అడుగు ముందుకు కదలదు, అందుకని స్పీడ్‌లో ఉన్నప్పుడు కదలని వాటిని చాలా సిస్టమ్‌లు పెద్దగా పట్టించుకోవు, కెమెరా కూడా అవునంటేనే నమ్ముతయి. చీకట్లో లైట్ లేని లారీని కెమెరా ఎంత దూరం నుంచి పోలుస్తది చెప్పు. కొన్ని బండ్లలో అసలు రాడారే ఉండదు, ఒక్క కెమెరాతోనే నడుస్తది, హోండా ఎలివేట్, కొత్త అమేజ్ అట్లాంటివే. ఓనర్ మాన్యువల్ చదువు, ఎప్పుడు పనిచెయ్యదో పేజీలకి పేజీలు రాసుంటరు, ఎవ్వడూ చదవడు. బ్రేక్ పడ్డా 100లో ఉన్నది 60కి తగ్గొచ్చు, అది కూడా ప్రాణం కాపాడే తేడానే, కాదనను, కానీ దాన్ని నమ్ముకుని స్పీడ్ పెంచితే మాత్రం ఉన్నది కూడా పాయె. పైగా లారీ కిందికి దూరితే బంపర్‌కి ఏం తగలదు, తగిలేది అద్దానికి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేలోపే అంతా అయిపోతది. లారీ వెనక కింద గార్డు ఉండాలని రూల్ ఉంది, ఎన్నింటికి గట్టిగా ఉందో రోడ్డు మీద నువ్వే చూస్తున్నవ్.

నా లెక్కలో ముందు చూడాల్సింది అడాస్ కాదు, ఈఎస్‌సీ. సడన్‌గా స్టీరింగ్ తిప్పినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి బండి గింగిరాలు కొట్టకుండా పట్టుకునేది అదే. దానికి గీతలు అక్కర్లే, కెమెరా అక్కర్లే, బర్రె వచ్చినా వడ్లొచ్చినా పనిచేస్తది. కింది వేరియంట్‌లో ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అడుగు. బండిని గుద్ది చూసి ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ సేఫ్టీ స్టార్లు చూడు, 2023 అక్టోబర్ నుంచి ఉంది మనకి, పిల్లలకి విడిగా స్టార్లు ఇస్తరు. ఇంకోటి, అమ్మకి వెనక సీట్ల బెల్ట్ పెట్టించు, పాపకి చైల్డ్ సీట్ కొను, ఒళ్లో కూసోబెట్టుకోవద్దు. 2022లో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయిన బండి ఎంత ఖరీదైంది, వెనక బెల్ట్ పెట్టుకోలేదు. లక్షన్నరలో చైల్డ్ సీట్ వచ్చి, మంచి టైర్లు కూడా వచ్చి ఇంకా మస్తు మిగులుతది.

డల్లాస్_బాబాయ్:
ఇక్కడ టెక్సాస్‌లో మామూలు ఫ్యామిలీ కార్లకి కూడా వీటిలో చాలావరకు బేస్ మోడల్ నుంచే వస్తాయి, 2029 సెప్టెంబర్ నుంచి ఆటో బ్రేక్ తప్పనిసరి చేస్తూ రూల్ కూడా పెట్టారు. యూరప్‌లో 2024 జులై నుంచే కొత్త కార్లన్నిటికీ కంపల్సరీ. రోడ్లు బాగున్నా ఇక్కడ సమస్య మనిషిదే, బండి చూసుకుంటుందిలే అని ఫోన్లో పడతారు. టెస్లా వాళ్లు 2023 డిసెంబర్‌లో 20 లక్షల బండ్లకి రీకాల్ ఇచ్చి సాఫ్ట్‌వేర్ మార్చింది డ్రైవర్ని ఇంకా గట్టిగా హెచ్చరించడానికే. నేనైతే ఇండియా వచ్చి నాన్న గారి పాత బండి తీస్తే రెండు రోజులు తల తిప్పి చూడటం గుర్తుండదు, అద్దంలో లైట్ వెలగలేదు కదా అని తిప్పేస్తుంటా, పక్కనున్న నాన్న అరుస్తుంటారు.

పాత_స్పానర్:
@డల్లాస్_బాబాయ్ అందుకే మీరొచ్చినప్పుడు డ్రైవర్ని పెట్టుకోండి 😄

బస్సు_ప్రేమికుడు:
అడాస్ అంటే టాప్ మోడల్ కార్ల గోలే అనుకుంటాం కానీ బస్సులకి పెట్టిన సంగతి ఎవరూ మాట్లాడరు. నాగపూర్‌లో 2021లో సిటీ బస్సులతో ఐరాస్తే అని ఒక ప్రాజెక్ట్ మొదలైంది, అందులో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, ఇంటెల్, సీఆర్ఆర్ఐ (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ) ఉన్నారు. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకీ పెట్టారు. అది బ్రేక్ వెయ్యదు, డ్రైవర్‌కి బీప్ ఇస్తుంది అంతే. కానీ నాకు నచ్చింది రెండో భాగం, ఏ చోట బీపులు ఎక్కువొస్తున్నాయో మ్యాప్ మీద పెడితే యాక్సిడెంట్ జరగకముందే ఆ చోటు ప్రమాదమని తెలుస్తుంది. మనం బ్లాక్ స్పాట్ అనేది మనుషులు పోయాకే కదా. కారులో వచ్చే బీప్ నా ఒక్కడికే, బస్సులో వచ్చిన బీప్ ఆ రోడ్డు బాగుచేసేవాళ్ల దాకా వెళ్తుంది.

గేదెల సంగతి కూడా. అదే ట్రిపుల్ ఐటీ వాళ్లు ఇంటెల్‌తో కలిసి 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల ఫొటోలు 10,000 తీసి, రోడ్డు మీద ఏది ఏంటో కంప్యూటర్‌కి నేర్పడానికి డేటాసెట్ పెట్టారు, అప్పటిదాకా రీసెర్చ్ వాళ్లు ఎక్కువగా వాడింది జర్మనీ సిటీల ఫొటోలు. ఇందులో ఆటోకి విడిగా పేరుంది, జంతువులకి ఉంది, తారు రోడ్డు పక్కన బండి దిగగలిగే మట్టి అంచుకి కూడా ఉంది. ఇప్పుడు షోరూంలో ఉన్న బండ్లు అందులో నేర్చుకున్నాయని అనట్లేదు, కొనేముందు టెస్ట్ డ్రైవ్ ఓఆర్ఆర్ మీద కాకుండా మీ కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర చెయ్యండి, అసలు రంగు తెలుస్తుంది.

కోదాడ_పోరడు:
అందరికీ థాంక్స్ అన్నా. షోరూంకి ఫోన్ చేసి అడిగిన, కింది వేరియంట్‌లనే ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నయంట, సేల్స్ పిల్లగాడికి ఈఎస్‌సీ అంటే ఏందో తెల్వక మేనేజర్ని అడిగి చెప్పిండు. అయితే బ్లైండ్ స్పాట్ టాప్‌లనే ఉంది, అదొక్కటే గుంజుతుంది. చైల్డ్ సీట్ మాత్రం నిన్ననే ఆర్డర్ పెట్టిన. @బెజవాడ_బైపాస్ అన్నా, ముందు అద్దం పగిలితే ఖర్చు బాగా అయితదంట నిజమేనా?

బెజవాడ_బైపాస్:
నిజమే. కెమెరా అద్దం లోపల పైన ఉంటుంది, అద్దం మారిస్తే కాలిబ్రేషన్ (కెమెరా చూపు సరిగ్గా సెట్ చేయడం) మళ్లీ చెయ్యాలి, బయట షాపులో మార్పిస్తే అవ్వదు. జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద డబ్బు కోయని ఇన్సూరెన్స్) తీసుకోండి, తీసుకునేముందు అద్దానికీ కాలిబ్రేషన్‌కీ క్లెయిమ్ ఎలా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ముందు బంపర్‌కి స్టీల్ గార్డు పెట్టించొద్దు, రాడార్‌కి అడ్డమొస్తుంది, అసలు అది చట్టప్రకారం కూడా కుదరదు. వాహన పూజ చేయించేటప్పుడు పంతులు గారికి ముందే చెప్పండి, స్వస్తిక్ గుర్తు అద్దం పైన మధ్యలో, కెమెరా ఎదురుగా వేస్తారు. మా బండికి అలాగే వేశారు, షోరూం గేటు దాటకముందే డాష్‌బోర్డ్ మీద కెమెరా పనిచేయట్లేదని ఎర్ర లైట్.