జాక్ రస్సెల్ టెర్రియర్: చిన్నపిల్లలు, నాటుకోళ్లు ఉన్న ఇంట్లో కుదురుతుందా?

పెరటి_జామచెట్టు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంటి చుట్టూ పది సెంట్ల ఖాళీ, నాలుగున్నర అడుగుల ప్రహరీ, వెనకాల పంటబోదె, దాని అవతల చేలు. ఇంట్లో ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మా అత్తగారు. పెరట్లో నాటుకోళ్లు ఉన్నాయి. పందికొక్కులు కొబ్బరిమొక్కల మొదళ్లు తవ్వేస్తున్నాయి. జాక్ రస్సెల్ పిల్ల ఒకటి అమ్మకానికి ఉందట, ఆరు వారాలది. చిన్న కుక్క కదా, పిల్లలకి తోడుంటుంది, పందికొక్కుల బెడదా తీరుతుందని మావారి ఆలోచన. మన ఉక్కకి తట్టుకుంటుందా? ఏం పెట్టాలి? ఎంత తిప్పాలి? కోళ్లని బతకనిస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బోదెగట్టు:
ముందు ఆ ఆరు వారాల పిల్లని వద్దనెయ్యండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండనిదాన్ని అమ్మకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, తోడపుట్టినవాటితో ఆడే ఆ చివరి రోజుల్లోనే పిల్ల పంటి జోరు తగ్గించుకోవడం నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది కదా, అలా. ఆ పాఠం అక్కడ నేర్వకపోతే మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది.

ఇక జాతి సంగతి. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు పాదిరీ జాన్ రస్సెల్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడు. ఈ వంశం అక్కణ్ణుంచి మొదలు. నక్క కలుగులో దూరితే వెనకాలే వెళ్లి, మొరిగి మొరిగి దాన్ని బయటికి తరమడం దీని పని, చంపడం కాదు. అందుకే రొమ్ము సన్నం. ముంగాళ్ల వెనక రెండు చేతులతో చుట్టి పట్టుకుంటే వేళ్లు కలవాలి. ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, ప్రతి 5 సెంటీమీటర్ల ఎత్తుకి కిలో చొప్పున బరువు 5-6 కిలోలు. 33-36 సెంటీమీటర్ల ఎత్తుంటే అది పార్సన్ రస్సెల్, దగ్గరి చుట్టమే గానీ వేరే జాతి. సంకరప్పిల్లల్ని కూడా ఈ పేరుతోనే అమ్మేస్తున్నారు కాబట్టి తల్లిని కళ్లారా చూసి, కుక్కల జాతి నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలూ మైక్రోచిప్ నంబరూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి.

నేల అడుగున యజమాని కేక వినపడదు. అక్కడ సొంత బుర్రతో పనిచేసే కుక్కల్నే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. మీరు 'రా' అన్నప్పుడు ఇది రాకపోతే అది పొగరు కాదండి, పుట్టుక. కలుగు కనపడిందంటే మీరు లేనట్టే లెక్క.

పందికొక్కుల కోసమైతే మాత్రం దీన్ని తేవద్దు. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, ఎదురు తిరిగితే కుక్క మూతి చీల్చేస్తుంది. తడిసిన గట్టు కూలితే లోపలే ఇరుక్కుపోతుంది. పైగా ఇక్కడ నాలుగు పడితే చేలలోంచి ఇంకో నాలుగు వస్తాయి. వాటిని పట్టే ఎలకబుట్టలు పెట్టించండి, అదే నయం.

మీ నాలుగున్నర అడుగుల గోడ దీనికొక లెక్క కాదు, పక్కన కొబ్బరిడొక్కల పోగుంటే మరీను. ఆరడుగులకి పెంచి, ఆనుకుని ఏ సామానూ లేకుండా చూసుకోండి. గేటు కింద తల పట్టే సందుంటే ఒళ్లంతా పట్టేస్తుంది, అక్కడ సిమెంటు గడప కట్టించండి. మట్టిలో పాతిన కంచె అయితే వల అడుగుభాగాన్ని అడుగు వెడల్పున లోపలివైపు మడిచి మట్టి కప్పాలి. కంచె మొదట్లో తవ్వడం మొదలెట్టగానే గోళ్లకి వల తగిలి మానేస్తుంది.

మందులసంచి:
పై మాటలన్నీ నిజమే. నాకు అంతకన్నా ఎక్కువ భయం ఎలకలమందు. సార్వా (ఖరీఫ్ వరి) పంటకాలంలో ఊరంతా ఒక్కసారే పెట్టే ఎరలో నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమాడియోలోన్ పొడి 2 పాళ్లు. నూనె వాసనకి కుక్క నేరుగా ఎరే తింటుంది, లేదా చచ్చిన ఎలకని తింటుంది. విటమిన్ కె మళ్లీ తయారవకుండా ఈ మందు అడ్డుపడుతుంది, దాంతో రక్తం గడ్డకట్టదు. మోసం ఎక్కడంటే, మూడు నుంచి ఐదు రోజులదాకా కుక్క మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, దగ్గు వస్తుంది, మలం నల్లబడుతుంది. తిన్నదని అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం చూడకుండా ఆ రోజే మందు పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విటమిన్ కె1 సుమారు నాలుగు వారాలు వాడాల్సి ఉంటుంది. మధ్యలో బాగుందని మానేస్తే మళ్లీ రక్తస్రావమే.

జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలకలమందు తింటే దారి వేరు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. పాలు, అన్నం పెడితే ఆమ్లం పెరిగి కీడే ఎక్కువ. ఏమీ పెట్టకుండా పరుగెత్తాలి. దారిలో వాంతి చేసుకుంటే కారు అద్దాలు దించండి, ఆ వాయువు మనుషులకీ ప్రమాదమే.

వానాకాలం రాత్రుళ్లు దీపం దగ్గరికొచ్చే గరుకు చర్మపు కప్పని నోట కరుచుకుంటే క్షణాల్లో నురగ కక్కుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి. తల కిందికి వంచి, దవడ పక్కనుంచి నీళ్లు వదిలితే నీరు లోపలికి పోకుండా బయటికి జారాలి. తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక, అంగుడి తుడుస్తూ అయిదు పది నిమిషాలు అలా కడగండి. తూలినా, వణికినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టీకాలు ఆరెనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. వేసే టీకాలో లెప్టోస్పైరా ఉందో లేదో సీసా మీద చూడండి. ఎలకల మూత్రం కలిసిన బోదెనీళ్లలోంచి వచ్చే జబ్బు అది, మనుషులకీ అంటుతుంది. మొదట రెండు డోసులు, తర్వాత ఏటా. రేబిస్ టీకా మూడు నెలలకి. గోమార్ల మందు నెలనెలా పడాల్సిందే, ఇక్కడ వాటికి చలికాలం సెలవుండదు. అవి మోసుకొచ్చే జ్వరంలో చిగుళ్లు తెల్లబడి, ముక్కు వెంట రక్తం రావచ్చు.

ఈ జాతి సొంత జబ్బులు: పరుగులో నాలుగడుగులు వెనక కాలు ఎత్తి గెంతి మళ్లీ మామూలుగా పరుగెడితే మోకాలిచిప్ప జారుతోందని అర్థం. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కన్ను ఉన్నట్టుండి ఎర్రబడి మసకేస్తే కంటిలోని కటకం జారి ఉండవచ్చు. గంటల్లో చూపించకపోతే చూపు పోతుంది. తల్లిదండ్రులకి ఆ జన్యుపరీక్ష చేయించారా అని అడగండి. తెల్లరంగు ఎక్కువున్న వాటిలో చెవుడు కూడా ఉంటుంది. పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి తాళాలు ఆడించి చూడొచ్చు గానీ, ఒక్క చెవే పనిచేస్తే అలా బయటపడదు.

కొబ్బరిడొక్క:
ఆయ్, ఇద్దరూ కలిసి భయపెట్టేశారండి ఆవిణ్ణి! పనిపెడితే ఇంతకంటే సరదా కుక్క లేదు. పని పెట్టకపోతే మీ పరుపులో దూది లెక్కపెడుతుంది.

నీడన 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తీసి ఇసక నింపండి. రోజూ దాంట్లోనే బొమ్మో, బిస్కెట్టో పాతిపెట్టండి. ఇంకెక్కడైనా తవ్వుతుంటే తిట్టకుండా అక్కడికి తెచ్చి దింపండి. ఒక పూట మేత గిన్నెలో పెట్టకుండా, అట్టపెట్టెలో కొబ్బరిపీచు నింపి అందులో చల్లండి. పీచు మింగుతుందేమో మాత్రం చూస్తుండాలి. ముక్కుతో అరగంట వెతికితే ఒళ్లు అలిసినట్టే పడుకుంటుంది.

పెద్దదయ్యాక రోజుకి గంట, గంటన్నర తిప్పాలి, రెండు పూటలుగా. ఉదయం ఆరున్నర లోపు, మళ్లీ పొద్దుగూకాక. మన దగ్గర ఎండకంటే ఉక్కే పెద్ద శత్రువు. గాలిలో తేమ ఎక్కువుంటే రొప్పినా ఒళ్లు చల్లబడదు, పైగా ఈ కుక్కకి ఆట ఆపాలని తోచదు. నాలుక వెడల్పై, లాలాజలం చిక్కబడి, నడక తూలితే మామూలు నీళ్లతో పొట్టా, తొడల లోపలి భాగమూ తడిపి ఫ్యాను కింద పెట్టి, డాక్టరుకి ఫోను చేయండి. రొయ్యల చెరువుల వైపు గొలుసు విప్పవద్దు. నల్ల షీటు పరిచిన గట్టు మీద జారి పడితే ఈత వచ్చినా పైకెక్కలేదు.

ఆరు కిలోల కుక్కకి రోజుకి దాదాపు 420 కేలరీలు చాలు. 100 గ్రాములకి 370 కేలరీలుండే పొడిమేత అయితే 115 గ్రాములు, రెండు పూటలకి. అత్తగారు ప్రేమతో పెట్టే పెరుగన్నం కూడా ఈ లెక్కలోదే. ఉల్లిపాయ పడ్డ పులుసు, కిస్మిస్ వద్దు. వేసవిలో మామిడి టెంక కనపడకుండా పారేయండి. మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషనే.

పిల్లల సంగతి: తొమ్మిదేళ్ల బాబుతో చక్కగా కుదురుతుంది. ఐదేళ్ల పాప పరుగెత్తి కేక పెడితే మడమ పట్టుకుంటుంది, కాబట్టి పెద్దవాళ్లు లేకుండా ఇద్దర్నీ వదలకండి. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు ముట్టుకోకూడదని పాపకి ముందే చెప్పండి. నోట్లో వస్తువు లాక్కోకుండా ఉడికిన కోడిముక్క చూపించి మారుబేరం చేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి.

పెరటి_జామచెట్టు:
అందరికీ ధన్యవాదాలండి. మరి కోళ్లు?

బోదెగట్టు:
కోళ్లకి వల కట్టిన వేరే కొట్టం ఉండాల్సిందే. చిన్నప్పటి నుంచి కలిపి పెంచినా, కోడి రెక్కలు కొట్టుకుని పరుగెత్తిన రోజు ఆ చనువు గుర్తుండదు. వల కన్నం అంగుళం దాటకూడదు, చుట్టూ ఇటుకవరస వేయండి.

కొబ్బరిడొక్క:
ఇది మాత్రం ఒప్పుకుంటానండి. పక్కింట్లో పందెంకోడి ఉంటే గోడ ఇంకో అడుగు లేపండి. ఆ కోడి ఖరీదు కుక్క ఖరీదుని దాటిపోవచ్చు.

మందులసంచి:
గోడ, గేటు, కొట్టం అయ్యాకే పిల్లని చూడబోండి. ఆ పని దసరాకి పూర్తయినా, దీపావళి టపాకాయలు దాటాక ఇంటికి తెచ్చుకోవడం మంచిది.