మంచు కురవని రోజున కూడా మంచుచరియలు ఎందుకు విరిగిపడతాయి?

ప్రశ్న:
మంచు కురవడం ఆగి రెండు రోజులైంది. ఆకాశం నిర్మలంగానే ఉంది కానీ, నిన్న రాత్రి నుంచి పడమటి గాలి బలంగా వీస్తోంది. ఈ రోజు ఎదుటి కొండ తూర్పు వాలు మీద, మనిషి అలికిడి లేని చోట, పెద్ద మంచుచరియ దానంతటదే విరిగి జారింది. కొత్త మంచు పడకుండా ఇది ఎలా సాధ్యం? రేపు మేము వెళ్లవలసిన దారి అలాంటి వాలు కిందుగా, లోయ అడుగున సాగుతుంది. అక్కడ దాదాపు చదునే కనుక వెళ్లవచ్చా?

సమాధానం 1:
ఆకాశం నుంచి పడకపోయినా ఆ వాలుకు కొత్త మంచు చేరుతూనే ఉందండీ. గాలి తనకు ఎదురుగా ఉన్న వాలు మీది వదులు మంచును ఊడ్చుకుపోయి, శిఖరం దాటాక వేగం తగ్గి, మరుగు వైపున దించేస్తుంది. కురిసే మంచు కంటే పది రెట్ల వేగంతో కూడా అది అక్కడ పేరుకోగలదు. ఆ ప్రయాణంలో స్ఫటికాల కొమ్మలు విరిగి సన్నని రేణువులవుతాయి. అవి ఒత్తుగా సర్దుకుని గట్టి పలకగా బిగుస్తాయి. ఆ పలక కింద బలహీనమైన పొర ఉండి, పెరుగుతున్న బరువును అది ఇక మోయలేకపోతే, పలక మొత్తం ఒక్కసారిగా తెగుతుంది. ఇలా తెగేవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులే.

సమాధానం 2:
నా ఆందోళన మీ దారి గురించి. చదునైన చోట మంచుచరియ పుట్టదు, నిజమే; కానీ పైన పుట్టినది వచ్చి ఆగేది అక్కడే, లోయ ఇరుకైతే మరింత లోతుగా పేరుకుంటుంది. ఎవరూ తాకకుండానే వాలు తెగుతున్నప్పుడు, మీరు కింద ఎంత జాగ్రత్తగా నడిచినా ప్రయోజనం ఉండదు. గాలి ఆగిన తరువాత కూడా పలక కింది పొరతో అతుక్కోవడానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. పాత మంచులో బలహీనమైన పొర దాగి ఉంటే వారాలు కూడా పట్టవచ్చు. ఆ ప్రాంతపు మంచుచరియల హెచ్చరిక తప్పక చదవండి. ఐదు స్థాయుల సూచీలో మూడవ స్థాయికే ఇలాంటి చరియలు వాటంతటవే పడే అవకాశం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. పక్కనే ఉన్న వాలు మీద ఏమీ విరగలేదు. అది క్షేమమేనా?

సమాధానం 3:
అలా అనుకోకండి. దిక్కూ ఏటవాలూ ఒకటే అయితే, ఇంకా తెగని పలక అక్కడ ఉండవచ్చు, దానిని తెంచడానికి ఒక మనిషి బరువు చాలు. అంచున చూరులా ముందుకు పొడుచుకువచ్చిన మంచు, దాని కింద నున్నగా ఉబ్బిన వాలు, అడుగు వేస్తే డొల్ల శబ్దం, బూటు దగ్గర మొదలై ముందుకు పరుగెత్తే పగులు: వీటిలో ఏది కనిపించినా వెనక్కి తిరగండి. గాలి వాలుకు అడ్డంగా వీస్తే గాడుల్లోనూ మిట్టల పక్కనా మంచు చేరుతుంది కనుక, తూర్పు వాలును మాత్రమే తప్పిస్తే సరిపోదు. రేపటికి 30 డిగ్రీలకు బాగా తక్కువగా ఉండి, పైన నిటారు వాలు లేని దారి దొరికితేనే బయలుదేరండి.