బ్లీడర్ స్క్రూ బిగుసుకుపోయింది: మంట పెట్టాలా, సిలిండరే మార్చాలా?

భీమిలి బండి: మాది 1999 మోడల్ మారుతి 800. ఉప్పుగాలికి బండి కిందంతా తుప్పే. బ్రేకుల్లో గాలి తీద్దామని కూర్చుంటే వెనక ఎడమ చక్రం బ్లీడర్ స్క్రూ (ఆ గాలి బయటికి వదిలేది) కదలట్లేదు. పానా జారి తల అంచులు అరుగుతున్నాయి, ఆపేశాను. మా వీధి మెకానిక్ గ్యాస్ మంట పెడితే రెండు నిమిషాల పనంటున్నాడు. పెట్టించనా?

పాత షెడ్డు: పెట్టించు తమ్ముడూ. వేడికి లోహం వ్యాకోచించి తుప్పు పట్టు విడుస్తుంది. ఎర్రగా కాల్చక్కర్లేదు. వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే కరిగిన మైనం మరల్లోకి దిగుతుంది. నూనె పోసి మూడు రోజులు కూర్చునే ఓపిక ఎవరికుంది?

ఉప్పల్ ఇంజనీరు: మేస్త్రీ గారూ, సైలెన్సర్ బోల్టయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇది వీల్ సిలిండర్, ఆయిల్ ఒత్తిడితో చక్రం బ్రేకును నెట్టే భాగం. లోపలి రబ్బరు కప్పులు వేడికి చెడతాయి, బ్రేక్ ఆయిల్ అంటుకునే సరుకు. మంట తగిలిన సిలిండర్‌ని నేనైతే బండిలో ఉంచను. ఎలాగూ మార్చేదానికి మంట దేనికి? స్క్రూ విరిగితే విరగనివ్వండి, కొత్త సిలిండర్‌తో కొత్త స్క్రూ వస్తుంది.

పాత షెడ్డు: సిలిండర్ ఊడాలంటే ముందు దాని వెనకున్న బ్రేక్ ఆయిల్ పైపు నట్టు ఊడాలి కదా సార్. స్క్రూని పట్టిన తుప్పు దాన్ని వదిలిందా? నట్టుతో పాటు పైపూ మెలి తిరుగుతుంది. అప్పుడు పైపు కూడా కొనాలి. కాగితం మీద అన్నీ సులువే.

ఉప్పల్ ఇంజనీరు: పైపు సంగతి ఒప్పుకుంటాను. మంట సంగతి ఒప్పుకోను.

కడియం డ్రైవరు: ఇద్దరూ చివరి మెట్టు దగ్గరే కొట్టుకుంటున్నారు. ముందు వైర్ బ్రష్‌తో స్క్రూ అడుగుభాగం శుభ్రం చేయండి. పన్నెండు మూలల రింగు పానా వద్దు, ఆరు మూలల సాకెట్ వేయండి. ఆ స్క్రూ లోపల బోలు, అందుకే పుటుక్కున విరుగుతుంది. బెజ్జంలో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్ కాడ దూర్చి తిప్పితే తల నొక్కుకుపోదు. చిన్న సుత్తితో తల మీద టకటకా కొట్టి, విప్పే ముందు ఒక్క వెంట్రుకంత బిగించండి. తుప్పు పొర పగిలేది అప్పుడే. తుప్పు వదిలించే నూనె బయటి మరలకే, రెండు చుక్కలు చాలు. కిరోసిన్, డీజిల్ అసలొద్దు, లోపలికి చేరితే రబ్బరు ఉబ్బుతుంది. స్క్రూ వచ్చాక మొదట కారిన ఆయిల్ పారబోయండి.

పాత షెడ్డు: డ్రిల్ బిట్ కాడ మాట బాగుంది. నాకు తట్టలేదు.

భీమిలి బండి: రెండు రాత్రులు నూనె వేశాను, సుత్తితో కొట్టాను. ఎడమది కిర్రుమని కదిలింది! ఆ ధైర్యంతో కుడిదీ పట్టాను. దానికి డ్రిల్ బిట్ పెట్టడం మర్చిపోయాను, తల చేతికొచ్చేసింది. సిలిండర్ తెచ్చాను. మేస్త్రీ గారన్నట్టే పైపు నట్టు కదలట్లేదు. పైపు ఎలాగూ మార్చేస్తాను కాబట్టి నట్టు పక్కనే పైపు కోసి, ఆరు మూలల సాకెట్ దిగేలా చేద్దామనుకుంటున్నా. ఇంజనీరు గారూ, దీనికి ఒప్పుకుంటారా?

ఉప్పల్ ఇంజనీరు: కోసెయ్యండి. కొత్త పైపు చేతిలోకి వచ్చాకే. బ్లీడర్ మీద రబ్బరు టోపీ ఈసారి మర్చిపోకండి, పాతవాటికి ఉండుంటే ఇంత దూరం వచ్చేది కాదు.