వీఎల్‌సీ వీడియో వేరే విండోలో తెరుచుకుంటోంది: ఎక్స్11కి తిరిగి వెళ్లాలా?

శ్రుతలేఖిని:
ఉపన్యాసాల వీడియోలు వింటూ వాటిని అక్షరబద్ధం చేయడం నా పని. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ తెర మూలన, అన్నిటికీ పైన ఉండాలి. సిస్టమ్ కొత్త వెర్షన్‌కు మారాక వీడియో విడిగా మరో విండోలో తెరుచుకుంటోంది. ‘ఎప్పుడూ పైన’ ఎంచుకున్నా ఎడిటర్ మీద క్లిక్ చేయగానే వెనక్కి పోతోంది. మూసి తెరిస్తే మూలన ఉండాల్సినది మధ్యకు వస్తోంది. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్, విండోలను తెరపై చూపేది వేలాండ్ సెషన్. అదే పని చేసే పాత పద్ధతి ఎక్స్11కి మారిపోనా?

పాతకాపు:
మారండి. ఎక్స్11 1987 నుంచి ఈ పనులన్నీ చేస్తూనే ఉంది.

నీలిమేఘం:
వద్దు. వీఎల్‌సీ 3 తన విండోలో వీడియోను అమర్చడానికి ఎక్స్11 ఇచ్చే విండో సంఖ్య మీద ఆధారపడుతుంది. వేలాండ్‌లో అలాంటిది లేదు, అందుకే విడిపోయింది. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా పక్క విండోలో మీరు కొట్టే పాస్‌వర్డ్‌ను చదవగలదు. ఎంపీవీ వాడండి, అది వేలాండ్‌లో నేరుగా నడుస్తుంది.

పాతకాపు:
వీఎల్‌సీ గురించి అడిగితే వేరే ప్లేయర్ చెబుతారేమిటి? పైగా గ్నోమ్‌లో ఎంపీవీకి టైటిల్ పట్టీయే రాదు.

నీలిమేఘం:
మౌస్ కదిపితే మూసే బొత్తాం కనిపిస్తుంది.

పాతకాపు:
బొత్తాం వేరు, పట్టీ వేరు. నేను పట్టీ అన్నాను.

చుక్కాని:
నాకు వీడియో నల్లగా వస్తోంది. ఇదే సమస్యా?

సూత్రధారి:
చుక్కాని గారూ, అది వేరే సమస్య కావచ్చు, విడిగా అడగండి. శ్రుతలేఖిని గారూ, సెషన్ మార్చనక్కరలేదు. ‘క్యూటీ క్యూపీఏ ప్లాట్‌ఫామ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు చదివే అమరిక) ‘ఎక్స్‌సీబీ’ అని విలువ ఇచ్చి వీఎల్‌సీని తెరవండి. అదొక్కటే, వేలాండ్ లోపలే ఎక్స్11 ప్రోగ్రాములను నడిపే ఎక్స్‌వేలాండ్ ద్వారా నడుస్తుంది. మీ వేలాండ్ విండోల్లో కొట్టే అక్షరాలు సాధారణంగా దానికి అందవు కాబట్టి నీలిమేఘం గారి భయమూ తీరుతుంది.

నీలిమేఘం:
తెరపై అన్నిటినీ పెద్దవి చేసే 125 శాతం స్కేలింగ్‌లో మెనూలు మసకబారవచ్చు. అది పరిష్కారం కాదు, అతుకు.

శ్రుతలేఖిని:
మెనూలు ఎవరు చూస్తారండీ! రోజుకు ముప్పై ఫైళ్లు తెరుస్తాను. ముప్పైసార్లూ విండోను మూలకు లాగాలి. మణికట్టు నొప్పితో రెండు వారాలు పని ఆపుకున్నాను. నా తెరపై నా విండో ఎక్కడుండాలో చెప్పే హక్కు నాకు లేదా?

నీలిమేఘం:
మీకు ఉంది. ప్రోగ్రాముకు లేదు. తన స్థానాన్ని తానే నిర్ణయించుకోవడం, తానే పైకెక్కడం వేలాండ్‌లో మామూలు విండోలకు కుదరదు. కావాలనే అలా ఉంచారు. నిండు సభలో నేను స్లైడ్లు చూపిస్తుండగా ఓ ప్రోగ్రాము వాటి మీదికి ఎక్కి కూర్చుంది. ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఇదే. ఆల్ట్, స్పేస్ నొక్కితే వచ్చే మెనూలో ‘ఎప్పుడూ పైన’ మీరే ఎంచుకోవచ్చు.

శ్రుతలేఖిని:
ముప్పైసార్లా? ఒకసారి చెప్పినది గుర్తుంచుకోనప్పుడు ఆ హక్కు నాకు ఇచ్చినట్టా?

సూత్రధారి:
అసలు తగవు ఇది. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌లో విండో నియమాలు ఉన్నాయి. స్థానం, ‘పైన’ ఒకసారి రాసిపెడితే వేలాండ్‌లోనూ నిలుస్తాయి. గ్నోమ్‌లో అలాంటి ఏర్పాటు లేదు. శ్రుతలేఖిని గారు అడుగుతున్నది తప్పు కాదు.

పాతకాపు:
నేను మొదటి నుంచీ అన్నది అదే.

నీలిమేఘం:
మీరు సెషనే మార్చమన్నారు. గ్నోమ్‌లో ఆ లోటు ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

శ్రుతలేఖిని:
ఎక్స్‌సీబీతో వీడియో లోపలికి వచ్చింది, పైనే నిలిచింది, మూలనే తెరుచుకుంటోంది. కానీ టెర్మినల్ నుంచి తెరిస్తేనే. ఐకాన్ నొక్కితే మళ్లీ పాత తీరే.

సూత్రధారి:
ఐకాన్ నొక్కితే ఏం నడవాలో చెప్పే వీఎల్‌సీ డెస్క్‌టాప్ ఫైలును మీ హోమ్ ఫోల్డర్‌లోని అప్లికేషన్ల డైరెక్టరీకి కాపీ చేసి, ఎగ్జెక్ వరుసలోని ఆదేశానికి ముందు ‘ఎన్వ్’, దాని పక్కన ఆ వేరియబుల్, దాని విలువ చేర్చండి.