గైడ్ కెమెరా ఫోకస్: సూదిమొనలా ఉండాలా, కొంచెం చెదరగొట్టాలా?

డాబామీద (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. నాది 80 ఎంఎం రిఫ్రాక్టర్ (లెన్సు దుర్భిణి), ఆకాశం ఫొటోలకి. దాని మీద 30 ఎంఎం గైడ్ స్కోప్ అనే చిన్న దుర్భిణి, ఫోకల్ లెంగ్త్ 120. దానికి మోనో (నలుపు-తెలుపు) గైడ్ కెమెరా, పిక్సెల్ 3.75 మైక్రాన్లు. గైడింగ్ (ఫొటో తీస్తున్నంతసేపూ చుక్కని గమనిస్తూ, జరిగితే దుర్భిణిని సరిచేయడం) పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్‌తో, చుక్క ఎంత జరిగిందో అది గ్రాఫ్‌లో చూపిస్తుంది. మొన్న అనంతగిరిలో కలిసిన ఒకాయన, "గైడ్ కెమెరా ఫోకస్ కావాలనే కొంచెం తప్పించు, గ్రాఫ్ నున్నగా వస్తుంది" అన్నాడు. ఇంటికొచ్చి అలాగే చేశా. చుక్కలే దొరకడం లేదు. చుక్క పోయిందని లాప్‌టాప్ బీప్ కొడుతూనే ఉంది, ఆ మోతకి అర్ధరాత్రి కింద పోర్షన్ వాళ్లు లేచి పైకొచ్చారు. ఆయన చెప్పింది తప్పా, నేను చేసింది తప్పా?

గొల్లకావడి (అల్వాల్)

ఆయన చెప్పింది తప్పేం కాదు తమ్ముడూ. లెక్క చూడు. నీ సెటప్‌లో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో దాదాపు 6.4 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). మనకి కావాల్సిన గైడింగ్ ఒక ఆర్క్‌సెకను లోపు, అంటే పిక్సెల్‌లో ఆరో వంతు కదలికని పట్టుకోవాలి. చుక్క మొత్తం ఒకే గడిలో కూర్చుంటే, అందులో ఎడమకి జరిగిందో కుడికి జరిగిందో సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది? నాలుగైదు గళ్ల మీద పరుచుకుంటేనే, ఏ గడిలో ఎంత వెలుగుందో చూసి నడిమధ్య ఎక్కడో తేల్చగలదు.

ఇంకోటి. మరీ సన్నటి చుక్కకీ హాట్ పిక్సెల్‌కీ (వెలుగు పడకపోయినా మెరిసే గడి) తేడా తెలియదు. ఒకసారి నేను గంటసేపు హాట్ పిక్సెల్ మీద గైడ్ చేశా. గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది, ఎంత మురిసిపోయానో! ఫొటోలో మాత్రం చుక్కలన్నీ సేమియా.

వేగుచుక్క (నల్లగండ్ల)

గొల్లకావడి గారూ, లెక్క సరే. కానీ చుక్క ఒకే గడిలో కూర్చోవడం మన చిన్న గైడ్ స్కోపుల్లో అసలు జరుగుతుందా? ఎఫ్/4 (120ని 30తో భాగిస్తే వచ్చేది) దగ్గర కాంతి వివర్తనం వల్లే చుక్క 5.4 మైక్రాన్లకి ఉబ్బుతుంది, అంటే ఒకటిన్నర పిక్సెల్. పైగా అది రెండు గాజుల లెన్సు, అన్ని రంగుల్నీ ఒకే చోటికి తేలేదు. మోనో సెన్సర్ ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా చూస్తుంది, అదీ వచ్చి చుట్టూ పరుచుకుంటుంది. నా దగ్గర ఎంత తిప్పినా హెచ్‌ఎఫ్‌డీ (చుక్క వెలుగులో సగం ఎన్ని పిక్సెళ్ల వెడల్పులో ఇమిడిందో చెప్పే అంకె) 2.5 కిందికి దిగలేదు. లెన్సే చెదరగొట్టి ఇస్తుంటే మళ్లీ మనం చెదరగొట్టడం దేనికి?

అసలు దెబ్బ వేరే చోట పడుతుంది. చుక్క వెడల్పు రెండింతలు చేస్తే అది నాలుగింతల గళ్ల మీద పరుచుకుంటుంది. చుక్క వెలుగు అంతే ఉంటుంది, కింద ఆకాశం వెలుగు మాత్రం నాలుగింతలు కలుస్తుంది. నాయిస్ రెట్టింపు. అనంతగిరిలో చెల్లిపోతుంది. కూకట్‌పల్లి ఆకాశం రాత్రి పన్నెండుకి కూడా నారింజ రంగే కదా, మసక చుక్కలు అందులో మునిగిపోతాయి. పీహెచ్‌డీ2 ఇప్పుడు ఒకేసారి చాలా చుక్కల్ని పట్టుకుని సగటు చూస్తుంది, గాలి వణుకు అందులోనే సర్దుకుంటుంది. ఆ చుక్కల్నే పోగొట్టుకుంటే గ్రాఫ్ నున్నగా ఎలా వస్తుంది? హాట్ పిక్సెళ్ల సంగతంటారా, డార్క్ లైబ్రరీ (మూత పెట్టి తీసిన ఫొటోలు, సాఫ్ట్‌వేర్ వాటితో హాట్ పిక్సెళ్లని తీసేస్తుంది) తీసుకుంటే చాలు. ఇంత కంటే చిన్న హెచ్‌ఎఫ్‌డీ ఉన్నవాటిని పట్టుకోవద్దని చెప్పే సెట్టింగ్ కూడా ఉంది.

గొల్లకావడి (అల్వాల్)

నేను "కొంచెం" అన్నాను బాబూ. 2.5ని 3.5 చెయ్యమన్నా, 7 కాదు. ఒకే చుక్క మీద గైడ్ చేసిన రోజుల అలవాటు నాది, ఆ మాట నిజమే. అదీ నయమే. బేగంపేట నిజామియా వేధశాలలో ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశాన్ని ఫొటో తీసే దుర్భిణి) ఆకాశపటం పని చేసినప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ లేదు. పక్క దుర్భిణిలో కన్ను పెట్టి, చుక్క తీగ మీంచి జరగకుండా చేత్తో సరిచేస్తూ కూర్చోవడమే.

పిల్లలకోడి (ఘట్‌కేసర్)

మీ ఇద్దరి పంచాయితీ తర్వాత, ముందు ఆ తమ్ముడికి ఫోకస్ ఎలా పెట్టాలో ఎవరైనా చెప్పారా? చీకట్లో వెతుక్కోవద్దు తమ్ముడూ, పొద్దుగూకే వేళ రెండు కిలోమీటర్ల అవతల ఉన్న సెల్ టవర్ ఇనుప కడ్డీల మీద పెట్టు. ఆ దూరానికీ చుక్కకీ ఫోకస్ తేడా 7 మైక్రాన్లే, ఎఫ్/4కి అటూ ఇటూ 18 దాకా చెల్లుతుంది. అరకిలోమీటరు దూరంలో ఉన్న వాటర్ ట్యాంకు మీద పెడితే 29 అవుతుంది, పనికిరాదు. టవర్ మీది ఎర్ర లైటు మీద మాత్రం పెట్టకు, ఆ రంగు ఫోకస్ వేరే చోట పడుతుంది.

తర్వాత లాక్ రింగు. అందరూ దెబ్బతినేది ఇక్కడే. ముందు లెన్సు తిప్పి చక్కగా కుదుర్చుకుంటాం, వెనక రింగు బిగించగానే మర కాస్త జరిగి మొత్తం పాడవుతుంది. మరకి రెండు చుట్లు టెఫ్లాన్ టేప్ చుట్టు, నల్లాలకి చుట్టేదే. ఊగిసలాట పోతుంది. బిగించేటప్పుడు కళ్లు హెచ్‌ఎఫ్‌డీ అంకె మీదే ఉండాలి. ఇంకో మాట, అల్యూమినియం గొట్టం పది డిగ్రీలు చల్లబడితే 28 మైక్రాన్లు కుంచించుకుంటుంది. డిసెంబరులో ఇంట్లోంచి తెచ్చి వెంటనే ఫోకస్ పెట్టేశావో, అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది.

చలిచీమ (మియాపూర్)

నేను ఓఏజీకి (వేరే గైడ్ స్కోప్ లేకుండా, మెయిన్ దుర్భిణి వెలుగులోంచే కొంత గైడ్ కెమెరాకి మళ్లించేది) మారిపోయా. ఈ గొడవే లేదు.

వేగుచుక్క (నల్లగండ్ల)

అందులో ముందు మెయిన్ కెమెరా ఫోకస్ కుదర్చాలి, తర్వాత గైడ్ కెమెరాని దానికి సరిపడా జరపాలి. గొడవ లేదా? మీ ఓపికకి దండం.

డాబామీద (కూకట్‌పల్లి)

రెండు రాత్రులు చూశాను. మొదట నేను పెట్టింది "కొంచెం" కాదని తేలింది, హెచ్‌ఎఫ్‌డీ 8 చూపించింది. పిల్లలకోడి అక్క చెప్పినట్టు టవర్ మీద కుదిర్చి, టేప్ చుట్టా. 2.8కి వచ్చింది. ఒక్కటీ దొరకని చోట ఇప్పుడు ఏడు చుక్కలు. తర్వాత గొల్లకావడి అన్న మాట మీద 3.6 కూడా పెట్టి చూశా. గ్రాఫ్‌లో నాకేం తేడా కనిపించలేదు, చుక్కలు మాత్రం నాలుగుకి పడిపోయాయి.

కానీ గ్రాఫ్ ఇంత బాగున్నా మూడు నిమిషాల ఫొటోలో చుక్కలు ఇంకా ఒకవైపుకి సాగుతున్నాయి.

గొల్లకావడి (అల్వాల్)

ఒక్క రాత్రితో తేల్చకు, గాలి నిలకడగా ఉన్న రోజు 3.2 పెట్టి చూడు. సాగడం మాత్రం ఫోకస్ వల్ల కాదు. గైడ్ స్కోప్ చుక్కని బాగానే పట్టుకుంటోంది, అది కూర్చున్న బిగింపే మెల్లగా వంగుతోంది. పట్టుకుని ఊపి చూడు.

డాబామీద (కూకట్‌పల్లి)

ఊపా అన్నా. గైడ్ స్కోప్‌ని పట్టుకునే షూ (బిగింపు పీట) స్క్రూ ఒకటి వేళ్లతోనే ముప్పావు చుట్టు తిరిగింది.